వుడ్‌వర్డ్ మీద రెండు తలుపుల లింకన్

18 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, తలుపులు మాత్రం రెండే. 1983లో తయారైన లింకన్ కాంటినెంటల్ మార్క్ సిక్స్ కారు కొలతలివి. కడియంలో కాలువ గట్టు రోడ్డు ఎరిగినవాళ్ళెవరైనా ఇవి వినగానే అడిగే మాట ఒకటే: ఎదురుగా మొక్కల లోడుతో లారీ వస్తే ఇది ఎటు తప్పుకోవాలి? మిషిగన్ రాష్ట్రంలో నోవై అనే ఊళ్ళో, మా అన్నయ్య గరాజ్‌లో దాన్ని చూడగానే నేనూ అదే అన్నాను.

"కడియంలో తిప్పడానికి కొన్నది కాదురా ఇది," అన్నాడు అన్నయ్య. "నిజం చెప్పాలంటే ఇక్కడ తిప్పడానికి కూడా కాస్త పెద్దదే."

అన్నయ్య అంటే మా పెదనాన్నగారి అబ్బాయి. ఇంజనీరింగ్ చదివి 1970ల చివర్లో డెట్రాయిట్ ప్రాంతానికి వెళ్ళాడు. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. కడియంలో నర్సరీ మా వాటాకు వచ్చింది, అమెరికా అతని వాటాకు వెళ్ళింది. ఎన్నాళ్ళుగానో రమ్మంటున్నాడు. చివరికి బయల్దేరతానంటే, "వస్తే ఆగస్టులోనే రా" అని పట్టుబట్టాడు.

ఆగస్టే ఎందుకో వెళ్ళాక తెలిసింది. మిషిగన్‌లో 25 ఏళ్ళు దాటిన కారుకు చారిత్రక వాహనం కింద వేరే నంబరు ప్లేటు తీసుకోవచ్చు. ఖర్చు తక్కువే కానీ, ప్రదర్శనలకో ఊరేగింపులకో క్లబ్బు కార్యక్రమాలకో తప్ప ఆ కారును మామూలు పనుల మీద రోడ్డెక్కించకూడదు. ఆగస్టు నెలకు మాత్రం చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఆ నెలంతా కూరగాయలకైనా గుడికైనా దాన్నే వేసుకెళ్ళొచ్చు. ఆ నెల మూడో శనివారం డెట్రాయిట్ వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల జాతర జరుగుతుంది. పేరు డ్రీమ్ క్రూజ్.

నోవై ఇప్పుడు మనవాళ్ళ ఊరే అనిపిస్తుంది. వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. 2025 జులైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు జరిగిందీ అక్కడే. గుడి పార్కింగ్‌లో అన్నీ ఏడుగురు పట్టే టయోటాలు, హోండాలు, చప్పుడు చెయ్యని కరెంటు కార్లు. వాటి మధ్య లింకన్‌ను పెట్టడం కుదరదు. దాని తలుపు ఎంత పొడుగంటే, పూర్తిగా తెరవాలంటే పక్కన ఒక కారు పట్టేంత ఖాళీ ఉండాలి. అందుకని అన్నయ్య దూరంగా చివరి వరసలో పెడతాడు. "గుడికొస్తే దేవుడికి మూడు ప్రదక్షిణాలు, ఆ కారుకి ఆరు," అంది వదిన. పట్టుచీర కట్టుకుని దాని వెనక సీట్లో కూర్చోనని ఆవిడ ఏనాడో తేల్చి చెప్పేసిందట. ముందు సీటు వీపు వంచి, నడుం వంచి, తల వంచి లోపలికి దూరాలి మరి.

నాకు మొదట మింగుడు పడనిది ఇదే. మేం పెరిగిన రోజుల్లో కారంటే అంబాసిడర్. పెళ్ళికి మాట్లాడుకుంటే పిల్లలతో కలిపి పదిమందిని కుక్కి తీసుకెళ్ళేది. అంతకన్నా నాలుగడుగులు పొడవైన బండి చేసి, అందులో ఇద్దరే సుఖంగా కూర్చోవాలనడం ఏ లెక్క? నేను డిక్కీ మూత ఎత్తి, పది అంగుళాల కుండీలు ఎన్ని పడతాయో మనసులో లెక్కేస్తుంటే అన్నయ్య కనిపెట్టి నవ్వాడు. "ఖాళీ జాగా కనిపిస్తే నీకు నిద్ర పట్టదు. ఈ కారులో డబ్బు పెట్టి కొనుక్కున్నది ఆ ఖాళీనే," అన్నాడు.

డిక్కీ మూత మీద గుండ్రంగా ఒక బుడిపె ఉంది, లోపల చక్రం ఉన్నట్టు. ఏ చక్రమూ లేదు. 1939లో హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ ఫోర్డ్ తన సొంతానికి ఒక కారు గీయించుకున్నాడు. గీసినవాడు గ్రెగరీ అనే డిజైనరు. యూరప్ కార్ల పద్ధతిలో స్పేర్ చక్రాన్ని వెనక బయటికి నిలబెట్టారు. అదే మొదటి లింకన్ కాంటినెంటల్. తర్వాతి దశాబ్దాల్లో చక్రం లోపలికి వెళ్ళిపోయినా, దాని ఆకారం మాత్రం రేకు మీద మిగిలిపోయింది. పనికిరాని ఆ బుడిపె లేకపోతే కొనేవాళ్ళు ఒప్పుకోరట.

1980 నుంచి 1983 దాకా వచ్చిన ఈ పెద్దరకం రెండు తలుపుల కార్ల కథంతా ఇలా పనికిరానివాటి చుట్టూనే తిరుగుతుంది. అంతకుముందటి మార్క్ ఫైవ్ పొడవు 19 అడుగుల పైమాట. 1973లో చమురు కరువొచ్చింది. 1975లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది: ప్రతి కంపెనీ కార్లూ సగటున 1978 నాటికి గాలన్‌కు 18 మైళ్ళు, 1985 నాటికి 27.5 మైళ్ళు ఇవ్వాలి. 1979లో ఇరాన్ విప్లవంతో చమురు ధర మళ్ళీ మండింది. కంపెనీలకు కార్లను కుదించక తప్పలేదు. 1979 మోడల్ క్యాడిలాక్ ఎల్డొరాడోను ఏకంగా 20 అంగుళాలు కోసేశారు. దానికి అన్నదమ్ములైన బ్యూక్ రివియెరా, ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో అదే చట్రం మీద తయారయ్యాయి. మరుసటి ఏడాది లింకన్‌కూ అదే గతి పట్టింది.

ఒళ్ళు తగ్గిందని కొనేవాళ్ళు చిన్నబుచ్చుకోకూడదు కదా, అందుకని నగలు పెంచారు. పైకప్పు వెనక సగానికి మెత్తటి వినైల్ తొడుగు. దాని పక్కన కోడిగుడ్డు ఆకారంలో బుల్లి కిటికీ. ముక్కు మీద మెరిసే బొమ్మ. మెత్తల్లా ఉబ్బిన సీట్లు. లింకన్ మార్క్ కార్లకు కార్టియే, పూచ్చీ, జివాన్షీ, బిల్ బ్లాస్ పేర్లు తగిలించి, నగల దుకాణాల, దర్జీల గొప్పదనాన్ని కూడా కలిపి అమ్మారు. ఎల్డొరాడో బియారిట్జ్‌కు కప్పు ముందు భాగం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేశారు. క్రైస్లర్ ఇంపీరియల్ ముక్కు మీద స్ఫటికపు బిళ్ళ పెట్టింది. అందులోనే ఫ్రాంక్ సినాట్రా పేరుతో లేత నీలం రంగు కారు విడుదల చేసి, ఆయన పాటల క్యాసెట్లు కూడా ఇచ్చింది. అప్పుల్లో మునిగి, 1980లో ప్రభుత్వ హామీతో బయటపడ్డ కంపెనీ చేసిన పని ఇది!

అదే కాలంలో మన దగ్గర సంగతి చూడండి. 1982లో తెలుగువాళ్ళు ఊరూరా ఎగబడి చూసిన అమెరికన్ వాహనం ఎన్.టి. రామారావు గారి చైతన్యరథం. అదొక పాత షెవ్రొలే వ్యాను. ఆయన కొడుకు హరికృష్ణ నడిపారు. సౌఖ్యం సంగతి ఎవరూ అడగలేదు. పైకెక్కి మాట్లాడటానికి వీలుందా లేదా అన్నదే లెక్క. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని పొడవు 11 అడుగులు కూడా లేదు. డెట్రాయిట్‌లో కుదించిన కారు కూడా మన కొత్త కారుకన్నా ఏడడుగులు ఎక్కువే.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. తాళంచెవి తీస్తాడనుకుంటే, అన్నయ్య తలుపు మీద ఉన్న అయిదు మీటలు టకటకా నొక్కాడు. కారు తెరుచుకుంది. 1980లోనే ఫోర్డ్ కంపెనీ ఈ ఏర్పాటు తెచ్చింది. అయిదు అంకెల రహస్య సంఖ్య గుర్తుంటే చాలు. ఎదురుగా వేగం చూపేది ముల్లు కాదు, పచ్చగా వెలిగే అంకెలు. ముళ్ళున్న కార్లలోనేమో అప్పట్లో అంకెలు 85 మైళ్ళతో ఆగిపోయేవి. వేగం చూపించకపోతే జనం వేగంగా వెళ్ళరని ప్రభుత్వం కొంతకాలం అలా నిబంధన పెట్టింది. హైవేల మీద వేగం 55 మైళ్ళకు మించకూడదన్న రోజులవి.

ఈ కారును నడిపేటప్పుడు తొందర ఉండకూడదు. ఫ్రీవే ఎక్కాక గతుకులన్నీ ఎక్కడో కింద జరిగిపోతున్నాయి. మలుపులో బండి ఒక పక్కకు మెల్లగా ఒరిగి, మళ్ళీ మెల్లగా సర్దుకుంటోంది. పాపికొండలకు వెళ్ళే లాంచీ నీళ్ళు పెరిగినప్పుడు ఒరిగినట్టే. స్టీరింగ్ ఒక వేలితో తిరుగుతుంది. చక్రాలు ఏం చేస్తున్నాయో ఆ వేలికి తెలియదు. కార్ల పత్రికలవాళ్ళు దీన్ని పెద్ద లోపంగా రాశారట. అన్నయ్య మాత్రం, "రోడ్డు సంగతి నాకెందుకు చెప్పాలి? ఫ్యాక్టరీలో పదిగంటలు నిలబడి ఇంటికెళ్ళేవాడికి కావాల్సింది ఇదే," అన్నాడు.

వుడ్‌వర్డ్ రోడ్డు డెట్రాయిట్ నది ఒడ్డు దగ్గర మొదలై వాయవ్యంగా పాంటియాక్ దాకా పోతుంది. మధ్యలో పచ్చిక డివైడరు. ఎడమకు తిరగాలంటే కూడలిలో తిరగనివ్వరు, ముందుకెళ్ళి వెనక్కి మళ్ళి రావాలి. ఆ మళ్ళింపుల వల్లే ఈ రోడ్డు మీద తిరిగిన కార్లే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి. 1950లు, 60ల్లో కుర్రాళ్ళు ఇక్కడే పందాలు కాసేవారు. 1995లో ఫెర్న్‌డేల్‌లో ఒక సాకర్ మైదానం కోసం విరాళాలు పోగుచేద్దామని పాత కార్లను పిలిస్తే, అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం వచ్చారు. అప్పట్నుంచీ అది ఏటేటా జరిగే జాతరైపోయింది. పొద్దున్నే మడత కుర్చీలు వేసుకుని, నీడకు గుడారాలు కట్టుకుని, రోడ్డు పక్క మైళ్ళకొద్దీ జనం. పెట్రోలు వాసన, వేగిన సాసేజీల వాసన.

చప్పట్లన్నీ మస్టాంగులకూ కమారోలకూ పాంటియాక్ జీటీఓలకే. సిగ్నల్ దగ్గర ఇంజను గర్జిస్తే పిల్లలు గెంతుతారు. మా లింకన్ వస్తుంటే కుర్రకారు ఫోన్లు దించేశారు. కానీ అక్కడక్కడా కుర్చీల్లోంచి ఎవరో ఒక పెద్దాయన చెయ్యెత్తి ఊపుతాడు. ఒకావిడ, "మా నాన్నకు ఉండేది!" అని అరిచింది. ఈ కార్లకు అభిమానులు ఎక్కువగా పోయినవాళ్ళ పిల్లలే.

ఒక చర్చి ఆవరణలో అన్నయ్య స్నేహితులు ఏడెనిమిది మంది తమ కార్లు పెట్టుకున్నారు. రివియెరాలు రెండు, ఒక తెల్ల ఎల్డొరాడో, ఒక ఇంపీరియల్. మిగతా చోట్ల బానెట్లు ఎత్తి ఇంజన్లు చూపిస్తుంటే, వీళ్ళు తలుపులు తెరిచి సీట్లు చూపిస్తున్నారు. మాటలన్నీ రోగాల గురించే. బంపరుకూ బాడీకీ మధ్య ఉండే ప్లాస్టిక్ పట్టీలు ఎండకు పెళుసెక్కి పొడైపోతాయి. కొత్తవి ఫైబర్‌గ్లాస్‌లో ఎవరు బాగా చేస్తారన్నది అరగంట చర్చ. 1981 క్యాడిలాక్‌లో పెట్టిన ఇంజను అవసరం లేనప్పుడు ఎనిమిది సిలిండర్లలో రెండో నాలుగో ఆపేసుకునేది. ఆలోచన గొప్పదే, ఆనాటి కంప్యూటర్ దానికి చాల్లేదు. బండి కుదుపులిస్తోందని చాలామంది ఆ ఏర్పాటు వైరు పీకించేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే ఆలోచన మంచి కంప్యూటర్లతో మళ్ళీ వచ్చి నిలబడింది. ఓల్డ్స్‌మొబైల్ డీజిల్ ఇంజనుకు పెట్రోలు ఇంజను నట్లూబోల్టులే వాడి, డీజిల్‌లో నీటిని వడకట్టే సాధనం కూడా పెట్టకపోవడంతో హెడ్డులు లేచిపోయేవి. ఇంపీరియల్‌లో ఇంధనాన్ని చిమ్మే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఎంత సతాయించిందంటే, చాలా కార్లకు కంపెనీయే దాన్ని తీసేసి పాత పద్ధతి కార్బురేటర్ బిగించింది. మూడేళ్ళలో 12 వేల పైచిలుకు కార్లతో ఆ మోడల్ కథ ముగిసింది. అక్కడున్న ఇంపీరియల్ యజమాని మాత్రం తన కారులో అసలు ఏర్పాటే ఇంకా ఉందని, అదింకా సతాయిస్తూనే ఉందని మురిసిపోతూ చెప్పాడు.

ఇంతలో నిలిపి ఉంచిన మా లింకన్ కుడికన్ను మెల్లగా తెరుచుకుంది. దాని హెడ్‌లైట్ల మీద రెప్పల్లాంటి మూతలుంటాయి. ఇంజను లాగే గాలి ఒత్తిడితో అవి మూసుకుని ఉంటాయి. ఇంజను ఆపాక ఎక్కడో రబ్బరు గొట్టంలో గాలి చొరబడితే మూత లేచిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అన్నయ్య సిగ్గుపడలేదు. "పాడైతే మూసుకుపోయేలా కాదు, తెరుచుకునేలా చేశారు చూడు. రాత్రిపూట దారిలో ఎవడూ చీకట్లో మిగిలిపోకూడదని," అన్నాడు.

నవంబరు వస్తే ఈ కార్లన్నీ గరాజ్‌లు ఎక్కుతాయి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కూడా దూరం నుంచి రాదు. డెట్రాయిట్ నగరం కిందే 1,100 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. కార్లు చేసిన ఊరు, కార్లను తినేసే ఉప్పు మీదే కూర్చుంది. బ్యాటరీ విప్పి, టైర్లలో గాలి పెంచి, ఎలుకలు చొరబడకుండా పొగ గొట్టంలో గుడ్డ కుక్కి వసంతం దాకా కాపు కాస్తారు. ఏటా అయిదు నెలలు.

మధ్యాహ్నం ఫెర్న్‌డేల్‌లో వుడ్‌వర్డ్, తొమ్మిదో మైలు రోడ్డు కలిసేచోట అన్నయ్య నన్ను కారు దించి ఒక ఫలకం దగ్గరికి తీసుకెళ్ళాడు. చుట్టూ జాతర. ఆ ఫలకం మీద పేరు విన్సెంట్ చిన్. చైనా మూలాలున్న 27 ఏళ్ళ కుర్రాడు. 1982 జూన్ 19 రాత్రి, పెళ్ళికి ముందు స్నేహితులతో విందుకు వెళ్ళాడు. ఇదే వుడ్‌వర్డ్ మీద, కాస్త దక్షిణాన హైలాండ్ పార్క్‌లో, క్రైస్లర్‌లో సూపర్‌వైజరుగా చేసే ఒకతనూ అతని సవతి కొడుకూ అతణ్ణి బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టారు. జపాన్ కార్ల పోటీ ముదిరిన రోజులవి. మీ వల్లే మా ఉద్యోగాలు పోతున్నాయని తిట్టారని సాక్షులు చెప్పారు. నాలుగు రోజులకు అతను చనిపోయాడు. మరుసటి ఏడాది కోర్టు వేసిన శిక్ష మూడేళ్ళ ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. జైలు లేదు. ఆసియా దేశాల నుంచి వచ్చినవాళ్ళు అమెరికా అంతటా ఏకమై వీధుల్లోకి వచ్చింది ఆ తీర్పు తర్వాతే.

"అప్పుడు నాకూ ఇంచుమించు అంతే వయసు," అన్నాడు అన్నయ్య. "సెకండ్ హ్యాండ్ జపాన్ కారు తోలేవాణ్ణి. నెలకు ఒక్క ట్యాంకు పెట్రోలు చాలేది. యూనియన్ ఆఫీసుల ముందు విదేశీ కార్లు ఇక్కడ పెట్టొద్దని బోర్డులుండేవి. మొహాలు చూసి ఇతను చైనా, ఇతను జపాన్, ఇతను ఇండియా అని వేరుచేసే ఓపిక ఎవడికుంది? ఆ వేసవిలోనే దాన్ని అమ్మేసి ఓల్డ్స్‌మొబైల్ కట్లాస్ కొన్నాను. రెండు తలుపులది. ఆ రోజుల్లో ఎటు చూసినా అదే. జనంలో కలిసిపోవచ్చనుకున్నాను."

"అయితే భయపడి కొన్నావన్నమాట."

"మొదట భయమే. తర్వాత అలవాటు. ఆ తర్వాత ఇష్టం. ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో నాకే తెలీదు. సిగ్నల్ దగ్గర పక్కన మార్క్ సిక్స్ ఆగితే మా మేనేజరు అందులో ఉండేవాడు. ఎప్పటికైనా అది కొనాలనుకున్నాను. కొనగలిగేసరికి అది ఎవరికీ అక్కర్లేని కారైపోయింది."

పాత కార్లంటే గతం మీద బెంగ అని అప్పటిదాకా అనుకున్నాను. అన్నయ్యకు ఆ గతం మీద బెంగ లేదు. ఆ రోజుల్లో ఏం జరిగిందో అందరికన్నా అతనికే బాగా తెలుసు. అందుకే గొప్పగా కనిపించాలన్న ఆత్రమూ, గొప్పదనం చేజారిపోతోందన్న భయమూ రెండూ కలిసి ఉన్న కారును ఎంచుకున్నాడు. 1965 నాటి మస్టాంగ్‌ను ఎవరైనా మెచ్చుకుంటారు. ఓడిపోతున్న రోజుల్లో ఒక పరిశ్రమ తెచ్చిపెట్టుకున్న హుందాతనాన్ని మెచ్చుకోవాలంటే ఆ ఓటమిని పక్కనుండి చూసి ఉండాలి. చర్చి ఆవరణలో ఆ స్నేహితులందరూ అలాంటివాళ్ళే. తమ కారులో ఏది చెడుతుందో, ఎప్పుడు చెడుతుందో, ఎందుకు చెడుతుందో చెప్పగలరు. అది చెప్పగలిగినవాడే దాన్ని ఉంచుకోగలడు.

ఆదివారం నోవై పక్కనే ఉన్న విక్సమ్‌కు వెళ్ళాం. మార్క్ సిక్స్‌లు తయారైంది అక్కడే. 1957లో తెరిచిన లింకన్ ఫ్యాక్టరీని 2007లో మూసేశారు, తర్వాత పడగొట్టారు. ఇప్పుడక్కడ దుకాణాలు. అందులో ఇంటి సామాన్లు అమ్మే ఒక పెద్ద కొట్టు ఉంది. వెనక భాగమంతా మొక్కలు. అన్నయ్య నట్లూబోల్టుల వైపు వెళితే, నా కాళ్ళు వాటంతటవే మొక్కల వైపు నడిచాయి. మన కడియంలో అరవై రూపాయలకు కవరులో ఇచ్చే క్రోటన్ అక్కడ ఇరవై డాలర్లు. వేర్లు కుండీ నిండా చుట్టుకుపోయి ఉన్నాయి. ఎవరూ కుండీ మార్చలేదు.

"ఒకటి తీసుకుందాం," అన్నాడు అన్నయ్య వెనక నుంచి.

"అక్టోబరు దాటాక బయట ఉంచితే చస్తుంది. నీ గరాజ్‌లో పెట్టావా, అక్కడా చస్తుంది. దీనికి కిటికీ వెలుతురు కావాలి."

అన్నయ్య పార్కింగ్ చివరి వరసలో ఉన్న లింకన్‌కేసి, దాని కప్పు పక్కనున్న కోడిగుడ్డు కిటికీకేసి వేలు చూపించాడు. "ఉందిగా కిటికీ!"

"అది మనిషికే చాల్లేదు, మొక్కకేం చాలుతుంది?" అన్నాను. అయినా కొన్నాం. డిక్కీలో పడుకోబెడితే కొమ్మ విరుగుతుందని వెనక సీటు మీద నిలబెట్టాం. ముందు సీటు వీపు వంచి, నడుం వంచి, తల వంచి దాన్ని లోపల పెట్టింది నేనే.